పాస్‌పోర్టు గడువు మీ ప్రయాణానికి సరిపోతుందా? లెక్క వేసుకునే పద్ధతి

"పాస్‌పోర్టుకు ఇంకా ఐదు నెలల గడువు ఉందండీ, వెళ్ళిరావచ్చా?" డిసెంబరు సెలవులకు ముందు ఒకసారి, వేసవికి ముందు ఇంకోసారి, ఏటా నన్ను ఈ ప్రశ్న పలకరిస్తూనే ఉంటుంది. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పలేను. ఏ దేశానికి, ఏ తేదీన, ఎన్నాళ్ళకు అని తిరిగి అడగాల్సిందే. ఇలా అడిగీ అడిగీ విసుగొచ్చి, ఎవరి లెక్క వారే వేసుకునేలా మొత్తం పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. ఇది భారత పాస్‌పోర్టు ఉన్నవారి కోసం. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మనవల సంగతి చివర్లో కొంచెం చెబుతాను.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి. మా పిన్ని, బాబాయి ఐదు రోజుల బ్యాంకాక్ యాత్రకు బయలుదేరారు. బాబాయి పాస్‌పోర్టుకు ఎనిమిది నెలల గడువుంది. పిన్నిదానికి ఐదు నెలల ఇరవై రోజులు. శంషాబాద్ విమానాశ్రయంలో కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి పిన్ని పాస్‌పోర్టు తిరగేసి, తెర వంక చూసి, మళ్ళీ పాస్‌పోర్టు వంక చూసి, "మేడమ్, మీ దగ్గర వేరే పాస్‌పోర్టు ఏదైనా ఉందా?" అని అడిగింది. "ఇంకా ఐదు నెలలకు పైగా ఉంది కదమ్మా, మేము ఐదు రోజుల్లో వచ్చేస్తాం" అంది పిన్ని. ఆ మాటలో తప్పేమీ కనిపించదు. కాని ఆ రాత్రి సామాన్లతో, పులిహోర పొట్లాలతో సహా ఇద్దరూ ఇంటికి తిరిగి వచ్చారు. టికెట్టు డబ్బులు రాలేదు, హోటలు డబ్బులూ రాలేదు.

కారణం ఇది. చాలా దేశాలు తమ గడ్డ మీద అడుగుపెట్టే రోజుకు పాస్‌పోర్టులో ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. మనిషి జబ్బుపడినా, విమానాలు ఆగిపోయినా, తిరిగి పంపడానికి చెల్లే పాస్‌పోర్టు చేతిలో ఉండాలన్నది వాటి ఆలోచన. నియమానికి సరిపడని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే ఆ దేశం విమాన సంస్థకే జరిమానా వేస్తుంది. వెనక్కి తీసుకురావలసింది కూడా ఆ సంస్థే. అందుకే కౌంటరు దగ్గర బతిమాలినా పని జరగదు. అక్కడ కూర్చున్న వారికి నిర్ణయాధికారం లేదు, తెర మీద కనిపించే నియమాన్ని అమలు చేయడమే వారి పని.

సిద్ధాంతం ఇంతటితో చాలు.

కావలసినవి

ప్రయాణించే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు (ఫోటోలు, జిరాక్సులు కాదు, అసలు పుస్తకాలే), టికెట్టు లేదా అనుకుంటున్న తేదీలు, పాత పాస్‌పోర్టుల్లో చెల్లుబాటులో ఉన్న వీసాలుంటే ఆ పాత పుస్తకాలు, ఒక క్యాలెండరు. వేళ్ళ మీద లెక్క పెట్టవద్దు. అక్కడే పొరపాట్లు జరుగుతాయి.

1. గడువు తేదీని రెండు చోట్ల చదవండి

ఫోటో ఉన్న పేజీలో జారీ చేసిన తేదీ, గడువు ముగిసే తేదీ రెండూ ఉంటాయి. మన పాస్‌పోర్టులో రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో రాస్తారు. 2017 జులై 21న జారీ అయితే 21/07/2017 అనీ, ముగిసే తేదీ 20/07/2027 అనీ ఉంటుంది. పదేళ్ళు అంటే అదే తేదీ వరకు అనుకోవద్దు, ఒక రోజు ముందే ముగుస్తుంది.

ఇప్పుడు అదే పేజీ అడుగున, బాణపు గుర్తులతో నిండిన రెండు వరుసలు చూడండి. యంత్రం చదివేది వాటినే. రెండో వరుస మీ పాస్‌పోర్టు నంబరుతో మొదలవుతుంది. కొంత దూరం వెళ్ళాక మగవారికి ఎం, ఆడవారికి ఎఫ్ అనే ఒక్క ఇంగ్లిషు అక్షరం వస్తుంది. దాని వెంటనే ఉన్న ఆరు అంకెలే గడువు తేదీ. అయితే ఇక్కడ వరుస తిరగబడి సంవత్సరం, నెల, రోజు అని ఉంటుంది. పై ఉదాహరణలో అది 270720. పైన చదివిన తేదీతో ఇది సరిపోవాలి.

ఇంత చాదస్తం ఎందుకంటారా? 05/08/2027 అని ఉన్న పాస్‌పోర్టును అమెరికాలో ఉన్న కొడుకుకు వాట్సాప్‌లో పంపితే, అక్కడి అలవాటు కొద్దీ అతను దాన్ని మే 8గా చదువుతాడు. నిజానికి అది ఆగస్టు 5. తేదీ తిరగబడితే ఒక్కోసారి నెలలకు నెలలు తేడా వస్తుంది. కింది వరుసలోని అంకెలు చూస్తే ఈ తికమక ఉండదు.

పిల్లల పాస్‌పోర్టులను ప్రత్యేకంగా చూడండి. పెద్దలకు పదేళ్ళయితే, మైనర్లకు ఐదేళ్ళు, లేదా పద్దెనిమిదేళ్ళు నిండే వరకు, ఏది ముందైతే అది. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వారు పదేళ్ళ పాస్‌పోర్టును ఎంచుకోవచ్చు. నలుగురూ ఒకే రోజు పాస్‌పోర్టులు తీసుకున్న ఇంట్లో, తల్లిదండ్రులవి ఇంకా సగం గడువు మిగిలి ఉండగానే పిల్లలవి అయిపోతాయి. ఆగిపోయిన కుటుంబ ప్రయాణాల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే. పెద్దవాళ్ళ పుస్తకం చూసి అందరివీ చూసినట్టే అనుకుంటారు.

2. మూడు తేదీలు రాసుకోండి

ఒకటి, ఆ దేశంలో దిగే తేదీ. బయలుదేరే తేదీ కాదు. హైదరాబాద్‌లో రాత్రి పదకొండుకు ఎక్కితే దిగేది మర్నాడు. సరిహద్దు కేసుల్లో ఈ ఒక్క రోజే కొంప ముంచుతుంది.

రెండు, ఆ దేశం వదిలే తేదీ. అనేక దేశాలు తిరుగుతుంటే చివరి దేశం వదిలే తేదీ.

మూడు, మధ్యలో ఆగే చోట్లు. విమానాశ్రయం లోపలే ఉండి ఇంకో విమానం ఎక్కేస్తే ఒక లెక్క, బయటికి వచ్చి సామాను తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయవలసి వస్తే ఇంకో లెక్క. రెండు వేరు వేరు టికెట్లు కొన్నవారు, తిరుగు ప్రయాణంలో దుబాయిలో రెండు రోజులు ఆగి చుట్టాలను చూద్దామనుకున్నవారు దాన్నీ ఒక దేశంగానే లెక్క వేసుకోవాలి. అమెరికాకు సరిపోయే పాస్‌పోర్టు దుబాయిలో ఆగడానికి సరిపోకపోవచ్చు.

3. మీరు వెళ్ళే దేశం ఏ కోవలోదో చూడండి

స్థూలంగా దేశాలు మూడు రకాలు.

ఆరు నెలలు అడిగేవి: థాయ్‌లాండ్, సింగపూర్, మలేసియా, ఇండోనేసియా, శ్రీలంక, యూఏఈ. మనవాళ్ళు సరదాగా వెళ్ళే చోట్లలో చాలామటుకు ఈ కోవలోనివే. వీటిలో కొన్ని దిగే తేదీ నుంచి లెక్కిస్తే, కొన్ని చోట్ల తిరుగు తేదీ ప్రస్తావన కనిపిస్తుంది. ఆ తగువులోకి దిగకుండా తిరిగి వచ్చే తేదీ నుంచే ఆరు నెలలు లెక్కపెట్టుకోండి. అప్పుడు రెండు లెక్కలకూ సరిపోతుంది.

మూడు నెలలు అడిగేవి: యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలు. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్విట్జర్లాండ్ సహా మొత్తం 29. ఇక్కడ లెక్క దిగే తేదీ నుంచి కాదు, షెంగెన్ ప్రాంతం వదిలే తేదీ నుంచి మూడు నెలలు. పాస్‌పోర్టు జారీ అయి పదేళ్ళు దాటకూడదని, కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండాలని కూడా అడుగుతాయి. వీసా దరఖాస్తు దగ్గరే ఇవన్నీ చూస్తారు కాబట్టి విమానాశ్రయం దాకా వెళ్ళి దెబ్బతినే ప్రమాదం ఇక్కడ కొంత తక్కువ.

ఉన్నన్నాళ్ళు చెల్లితే చాలనేవి: బ్రిటన్, జపాన్. అమెరికా కూడా మన విషయంలో ఈ కోవలోకే వస్తుంది, కాని అందులో ఒక మెలిక ఉంది. దానికి వేరే అడుగు కేటాయించాను.

నేపాల్, భూటాన్ వెళ్ళేవారికి పాస్‌పోర్టే అక్కర్లేదు, ఓటరు గుర్తింపు కార్డు చాలు. పాస్‌పోర్టు సమయానికి చేతికి రాలేదని సెలవులు వృథా చేసుకోలేనివారికి ఇదొక దారి.

ఈ నియమాలు మారుతుంటాయి. పై వివరాలు చదివి ఊరుకోకుండా టికెట్టు కొనే రోజున ఒకసారి, బయలుదేరే ముందు వారంలో మరోసారి ఆ దేశపు ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులోనో రాయబార కార్యాలయం వెబ్‌సైటులోనో చూడండి. విమాన సంస్థలు చూసే సమాచార కోశం పేరు టైమాటిక్. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం దాన్ని నడుపుతుంది. పలు విమాన సంస్థలు తమ వెబ్‌సైట్లలో ప్రయాణ పత్రాల తనిఖీ అనే పేజీలో దాన్నే చూపిస్తాయి. మీ పౌరసత్వం, వెళ్ళే దేశం, ఆగే చోట్లు నింపితే కౌంటరు దగ్గర కనిపించే నియమమే మీకూ కనిపిస్తుంది. నన్నడిగితే ఇంతకు మించిన తనిఖీ లేదు. పదేళ్ళ కిందట సింగపూర్ వెళ్ళొచ్చిన పక్కింటాయన మాట మాత్రం తనిఖీ కిందకు రాదు.

4. లెక్క వేయండి

ఒకే పాస్‌పోర్టు తీసుకుందాం. గడువు 2027 జులై 20 వరకు ఉంది. దీనితో మూడు ప్రయాణాలు.

బ్యాంకాక్: 2027 జనవరి 24న దిగి, 30న తిరిగి రావాలి. జనవరి 24కు ఆరు నెలలు కలిపితే జులై 24. పాస్‌పోర్టు 20నే ముగుస్తోంది. నాలుగు రోజులు తక్కువ, విమానం ఎక్కనివ్వరు.

పారిస్: 2027 ఏప్రిల్ 1న దిగి, 10న షెంగెన్ వదలాలి. ఏప్రిల్ 10కి మూడు నెలలు కలిపితే జులై 10. పది రోజులు మిగిలాయి, సరిపోతుంది. జనవరిలో బ్యాంకాక్‌కు పనికిరాని పాస్‌పోర్టు ఏప్రిల్‌లో పారిస్‌కు పనికొస్తోందన్నమాట! అయినా పది రోజుల వెసులుబాటుతో నేనైతే వెళ్ళను. విమానం రద్దయి, జబ్బు చేసి రెండు వారాలు ఆగవలసి వస్తే ఆ వెసులుబాటు కాస్తా పోతుంది.

డాలస్: 2027 మార్చి 1న వెళ్ళి, ఆగస్టు 25న రావాలి. ఇక్కడ ఆరు నెలల నియమంతో పనే లేదు. వాళ్ళు అక్కడ ఉండగానే జులైలో పాస్‌పోర్టు ముగిసిపోతుంది. వెళ్ళే ముందే కొత్తది తీసుకోవాలి.

లెక్కలో రెండు జాగ్రత్తలు. ఆరు నెలలంటే 180 రోజులు కాదు. క్యాలెండరులో అదే తేదీకి ఆరు నెలలు ముందుకు వెళ్ళాలి. రెండోది, కుటుంబంలో ప్రతి ఒక్కరికీ విడిగా లెక్క వేసి, అందరిలోకి తక్కువ గడువు ఎవరిదో ఆ పాస్‌పోర్టు మీద పెన్సిలుతో కాకుండా, వేరే కాగితం మీద రాసి పెట్టండి. పాస్‌పోర్టు మీద ఏ రాతా రాయకూడదు.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ముద్రించిన గడువు తేదీని పట్టించుకోను. దానికి తొమ్మిది నెలల ముందు తేదీని ఫోను క్యాలెండరులో "పాస్‌పోర్టు అయిపోయింది" అని పెట్టుకుంటాను. ఆరు నెలలు నియమానికి, మూడు నెలలు కొత్తది చేతికి రావడానికి, ప్రయాణాలు అటూ ఇటూ కావడానికి.

5. అమెరికా వెళ్ళేవారు ఇది తప్పక చదవండి

అమెరికా నియమం ప్రకారం సందర్శకుల పాస్‌పోర్టుకు ఉండబోయే కాలం దాటి ఆరు నెలల గడువు ఉండాలి. అయితే ఒప్పందం ఉన్న దేశాలకు ఈ షరతు సడలించారు. ఆ జాబితాలో భారతదేశం ఉంది. కాబట్టి మనవారి పాస్‌పోర్టు అక్కడ ఉండే కాలానికి చెల్లితే చాలు.

మెలిక ఎక్కడంటే, అమెరికాలో మీరు ఎప్పటి వరకు ఉండవచ్చో చెప్పేది వీసా తేదీ కాదు, ఐ-94 అనే ప్రవేశ నమోదులోని తేదీ. దిగిన చోట అధికారి దాన్ని నిర్ణయిస్తారు. పాస్‌పోర్టు గడువు తక్కువగా ఉంటే ఆ తేదీని పాస్‌పోర్టు ముగిసే రోజుకే కుదించవచ్చు. హెచ్-1బీ మీద పనిచేసేవారికి ఇది బాగా ఎదురవుతుంది. ఆమోద పత్రంలో 2028 వరకు అని ఉంటుంది, వీసా మీదా అదే ఉంటుంది, కాని పాస్‌పోర్టు 2027 జులైలో ముగుస్తుంటే ఐ-94లోనూ 2027 జులై అని పడుతుంది. ఊరికి వచ్చి పెళ్ళి చూసుకుని తిరిగి వెళ్ళిన కుర్రాడు ఆ సంగతి గమనించడు. తర్వాత పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటాడు, ఇంకేముంది అనుకుంటాడు. పాస్‌పోర్టు మారినంత మాత్రాన ఐ-94 తేదీ దానంతట అది మారదు. ఆ తేదీ దాటిన ప్రతి రోజూ అనుమతి లేకుండా ఉన్న రోజే.

కాబట్టి ఉద్యోగం మీద ఉన్నవారు ఇండియాకు వచ్చే ముందే అక్కడి భారత కాన్సులేట్ ద్వారా పాస్‌పోర్టు కొత్తది చేసుకోవడం మేలు. అమెరికాలో దిగిన రోజో మర్నాడో సరిహద్దు రక్షణ విభాగం వారి ఐ-94 వెబ్‌సైటు తెరిచి, పాస్‌పోర్టు నంబరు కొట్టి, తేదీ చూసి ఒక కాపీ దాచుకోండి. తేదీ కుదించి ఉంటే కంపెనీ న్యాయవాదికి వెంటనే చెప్పండి. గడువు దగ్గర పడ్డాక కాదు.

తల్లిదండ్రుల విషయంలోనూ అంతే. సందర్శకులకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. పాస్‌పోర్టు నాలుగు నెలల్లో ముగుస్తుంటే ఆరు నెలలు దక్కుతుందనే హామీ లేదు. కోడలి పురుడు కోసం వెళ్ళే అత్తగారు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

6. ఖాళీ పేజీలు, పుస్తకం పరిస్థితి

వీసా ముద్రలకు ఎదురెదురుగా రెండు పేజీలు పూర్తిగా ఖాళీగా ఉంటే దాదాపు ఎక్కడికైనా చాలు. పరిశీలనలు అని రాసి ఉండే పేజీ, తల్లిదండ్రుల పేర్లుండే చివరి పేజీ ఈ లెక్కలోకి రావు. ఫోటో పేజీ పొర లేచిపోయినా, పుస్తకం తడిసి ఉబ్బినా, కుట్టు ఊడినా గడువు ఎంత ఉన్నా చిక్కే.

7. నిర్ణయం: ఇప్పుడే కొత్తదా, తిరిగి వచ్చాకా?

ప్రయాణానికి రెండు నెలలకు పైగా ఉండి, లెక్కలో వెసులుబాటు నెల కంటే తక్కువగా ఉంటే ఆలోచించకుండా ఇప్పుడే కొత్తది తీసుకోండి. ప్రయాణం రెండు మూడు వారాల్లో ఉండి, లెక్క సరిపోతుంటే మాత్రం పాస్‌పోర్టు జోలికి వెళ్ళవద్దు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు ఆమోదించిన రోజే పాత పాస్‌పోర్టును రద్దు చేసి తిరిగి ఇస్తారు. కొత్తది చేతికి వచ్చే వరకు మీ దగ్గర చెల్లే పాస్‌పోర్టు ఉండదు. ఈ సంగతి తెలియక, సరిపోయే పాస్‌పోర్టును రద్దు చేయించుకుని ప్రయాణం వాయిదా వేసుకున్న వారూ ఉన్నారు.

గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. "అప్పుడే ఎందుకు, ఉన్న ఏడాది దండగ కదా" అంటారు చాలామంది. నిజమే, మిగిలిన కాలాన్ని కొత్తదానికి కలపరు. కాని 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు, చెల్లేది పదేళ్ళు. అంటే ఏడాదికి 150 రూపాయలు. దాని కోసం విమాన టికెట్టును పణంగా పెట్టడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

8. కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు

మనం రెన్యువల్ అంటాం గాని, దరఖాస్తులో ఆ మాట ఉండదు. రీ-ఇష్యూ అని ఉంటుంది. కొత్త పాస్‌పోర్టు అని ఉన్నదాన్ని ఎంచుకోకండి, అది ఎన్నడూ పాస్‌పోర్టు తీసుకోని వారికి.

పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో గాని, ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్‌లో గాని ఖాతా తెరిచి, రీ-ఇష్యూ ఎంచుకుని, కారణంగా గడువు ముగియబోతోంది అనేదాన్ని గుర్తించండి. వెబ్‌సైటు చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. అలాంటి పేర్లతోనే నకిలీ వెబ్‌సైట్లు బోలెడు ఉన్నాయి, అవి ఎక్కువ రుసుము గుంజుతాయి.

తరచు ప్రయాణించే వారు 60 పేజీల పుస్తకం తీసుకోవచ్చు, రుసుము 2,000. మైనర్లకు 1,000. తత్కాల్ అయితే మరో 2,000 కలుస్తుంది. పెద్దలకు 36 పేజీలది తత్కాల్‌లో 3,500 అవుతుంది.

కేంద్రానికి వెళ్ళేటప్పుడు పాత పాస్‌పోర్టు, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్సుల మీద మీ సంతకం, ప్రస్తుత చిరునామా రుజువు తీసుకెళ్ళండి. పిల్లలకైతే తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన డి అనుబంధ పత్రం కావాలి. చిరునామా మారి ఉంటే దాచకండి. పోలీసు పరిశీలనలో ఆ చిరునామాలో మీరు లేరని తేలితే పని అక్కడే ఆగిపోతుంది. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వస్తుంది, మీ చేతికే ఇస్తారు. ఊళ్ళో లేని వారం చూసుకుని దరఖాస్తు చేయకండి.

పాత పుస్తకంలో చెల్లే వీసా ఉంటే కౌంటరు దగ్గర ముందే చెప్పండి. రద్దు ముద్ర, కత్తిరింపు ఆ వీసా పేజీ మీద పడకుండా చూసుకోవాలి.

చేతికి రాగానే కవరు విప్పి పేరులోని ప్రతి అక్షరం, ఇంటిపేరు గడి, పుట్టిన తేదీ, గడువు తేదీ చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరు ఒకే ఒక పదమైతే యూఏఈ సందర్శక వీసా దగ్గర చిక్కు రావచ్చు. 2022 నవంబరులో ఆ దేశం దీని మీద ఆంక్ష పెట్టింది.

9. కొత్త నంబరును అన్ని చోట్లా మార్చండి

కొత్త పాస్‌పోర్టుకు కొత్త నంబరు వస్తుంది. సగం మంది ఇక్కడ తప్పు చేస్తారు.

అమెరికా వీసా పాత పుస్తకంలో ఉండి, దాని గడువు ఇంకా ఉంటే అది చెల్లుతుంది. మనవారికి సందర్శక వీసా పదేళ్ళకు వస్తుంది కాబట్టి అది పాస్‌పోర్టు కంటే ఎక్కువ కాలం బతకడం మామూలే. రెండు పుస్తకాలూ వెంట తీసుకెళ్ళండి. వీసాను చింపి కొత్తదానికి అంటించకండి. నవ్వకండి, చేసినవారున్నారు.

కాగితం లేని వీసాలు అలా కాదు. అవి పాస్‌పోర్టు నంబరుకు కట్టుబడి ఉంటాయి. ఆస్ట్రేలియా వీసా ఉంటే ఇమ్మిఅకౌంట్‌లో, బ్రిటన్ ఇ-వీసా ఉంటే వారి ఖాతాలో కొత్త పాస్‌పోర్టు వివరాలు చేర్చాలి. వియత్నాం, శ్రీలంక వంటి వాటి ఆన్‌లైన్ అనుమతులు పాత నంబరుతో తీసుకుని ఉంటే కొత్త పుస్తకంతో ఎక్కే ముందు వాటి సంగతి తేల్చుకోవాలి. అమెరికా ఇంటర్వ్యూ కోసం పాత నంబరుతో డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపి ఉంటే ఇంటర్వ్యూ తేదీకి ముందే సరిదిద్దుకోవాలి. విమాన టికెట్టు రద్దు చేయనక్కర్లేదు. విమాన సంస్థ వెబ్‌సైటులో ప్రయాణికుల వివరాల్లో నంబరు, గడువు తేదీ మారిస్తే సరిపోతుంది.

గల్ఫ్‌లో పనిచేసేవారు, వారి ఇంటివారు

నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వెళ్ళినవారి పాస్‌పోర్టు చాలాసార్లు యజమాని దగ్గరే ఉంటుంది. గడువు ఎప్పుడో మనిషికి గుర్తుండదు. ఇకామా లేదా నివాస అనుమతి పొడిగించాలన్నా పాస్‌పోర్టులో గడువు మిగిలి ఉండాలి. యూఏఈలో అది ఆరు నెలలు. ఇంట్లో ఒక జిరాక్సు ఉంచుకోండి. పండగకు ఫోను చేసినప్పుడు ఇంటివారే ఆ తేదీ గుర్తుచేయాలి. గడువు ఏడాదిలోపు పడగానే అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయవచ్చు, ఊరికి రావలసిన పని లేదు.

విదేశీ పాస్‌పోర్టున్న మనవలు

అమెరికాలో పదహారేళ్ళ లోపు పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే. భారత ఇ-వీసా మీద వచ్చేవారికి ఇక్కడ దిగే రోజుకు ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. అంటే మనం ఇతర దేశాల దగ్గర పడే బాధ వాళ్ళు మన దగ్గర పడతారు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్న పిల్లలకు ఇరవై ఏళ్ళు వచ్చే వరకు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ కొత్తదాని కాపీని, ఫోటోను ఓసీఐ వెబ్‌సైటులో ఎక్కించాలి.

కౌంటరు దగ్గర ఆపేస్తే

వాదన పెట్టుకుని సమయం పోగొట్టకండి. ఏ నియమం వల్ల ఆపుతున్నారో తెర మీది వాక్యాన్ని చూపించమని అడగండి. ఒక్కోసారి పౌరసత్వమో, వెళ్ళే దేశమో తప్పుగా కొట్టి ఉంటారు. అమెరికా విషయంలో భారత్‌కు ఉన్న సడలింపు కొత్తగా చేరినవారికి తెలియకపోవచ్చు, పర్యవేక్షకుణ్ణి పిలవమనండి. నియమం నిజంగా అడ్డుగా ఉంటే, విమానం కదలక ముందే టికెట్టును రద్దు చేయించండి లేదా తేదీ మార్పించండి. కౌంటరు మూసేశాక రానివారి కింద రాస్తే తిరుగు టికెట్టు కూడా పోవచ్చు. తర్వాత హోటలుకు ఫోను చేయండి. కుటుంబంలో ఒకరి పాస్‌పోర్టే ఆగితే మిగతావారు వెళ్ళాలా వద్దా అన్నది అక్కడ నిలబడి తేల్చుకోవడం కష్టం. మా బాబాయి మాత్రం క్షణం ఆలోచించకుండా ట్రాలీ వెనక్కి తిప్పాడు. పిన్ని కొత్త పాస్‌పోర్టు వచ్చాక ఆరు వారాలకు ఇద్దరూ బ్యాంకాక్ వెళ్ళివచ్చారు. ఈసారి కౌంటరుకు వెళ్ళే ముందు పిన్నే ఇద్దరి పాస్‌పోర్టులూ తెరిచి, అడుగు వరుసలోని ఆరు అంకెలూ చదివించింది.